వంతు రాని వారం

రోజారమణి గొంతు వీధి మలుపు తిరగకముందే వినిపించేది. సూళ్లూరుపేటలో రైల్వేస్టేషనుకు పోయే దారిలో ఆమెకు చేపల కొట్టు ఉన్నది. తెల్లవారేసరికి ఫోనును చెవికీ భుజానికీ నడుమ ఇరికించుకొని, రెండు చేతులతో ఐసు పగలగొడుతూ, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న తన పుట్టినూరిలో ఇంటింటినీ ఆమె పలకరించేది. "ఏమత్తా, రొయ్య పడిందా? లేదా? పోనీలే. ఏం కూర జేసినావు?" అన్న మాటలు మా వరండా దాకా స్పష్టంగా వచ్చేవి. ఉద్యోగ విరమణ తరువాత నేను ఉంటున్న ఇల్లు ఆమె కొట్టుకు ఎదురుగానే ఉన్నది. ఆ పలకరింపులతోనే నాకు మెలకువ వచ్చేది. నిరుడు వానలు వెనుకపట్టిన తరువాత ఆ గొంతు ఆగిపోయింది. దానికి బదులుగా ఫోను టింగుమని మోగడం మొదలైంది.

ఆమె నా దగ్గర చదువుకొన్న పిల్ల. తెలివికి లోటు లేదు, ఓపికకే లోటు. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పేది. ఆ జవాబు చాలాసార్లు సరైనదే కావడం వల్ల ఆ అలవాటును మాన్పించడం నాకు సాధ్యపడలేదు. తల్లి పేరమ్మ బుట్ట నెత్తిన పెట్టుకొని, బస్సెక్కి వచ్చి, రాకెట్ కేంద్రం ఉద్యోగుల క్వార్టర్ల ముందు మడవ చేపలూ పీతలూ అమ్మేది. ఇంటర్మీడియట్‌తో చదువు ఆపి రోజారమణి ఆ బుట్టను అందుకొన్నది. బుట్టను బల్లగా, బల్లను కొట్టుగా మార్చింది. కొట్టు తెరిచిన నాడు మొదటి గంప రొయ్యలు పంపినవాడు పుట్టినూరిలో ఉన్న పేరమ్మ తమ్ముడు గంగులయ్య. నాటి నుండి ఆ ఊరి ఇళ్లన్నీ, చెన్నై లారీ వచ్చి హారను కొడుతున్నా సరే, ముందు రోజారమణి పెట్టెలు నింపిన తరువాతనే మిగిలిన సరుకును లారీకి ఇచ్చేవి. ఆమె వ్యాపారమంతా నిలబడినది ఆ ఒక్క అలవాటు మీదనే.

వాట్సాప్ వచ్చిన తరువాత గిరాకీ పెరిగింది. దానితోపాటు గందరగోళమూ పెరిగింది. క్వార్టర్ల నుండి ఒకరు, చెన్నై నుండి ఒకరు అవే మండపీతలను అడిగేవారు. ఆమె ఇద్దరికీ సరే అనేది. వ్యాను నడిపే భర్త గణేష్ ఒక ఇంటికి చేరవలసిన సంచిని మరొక ఇంట్లో ఇచ్చి వచ్చేవాడు. శాకాహారుల గుమ్మంలో ఆయన చేపల సంచి పెట్టి వచ్చిన ఆదివారం జరిగిన రభసను నేనిక్కడ వర్ణించను.

అటువంటి రోజులలో జడ్సన్ వచ్చాడు. ఆయనది మనుబోలు. చెన్నైలో కంపెనీ ఉద్యోగం మాని, నెల్లూరులో చిన్న ఆఫీసు పెట్టుకొని, దుకాణాలకు కంప్యూటరు పనులు చేసిపెడుతున్నాడు. మా చర్చిలో జరిగిన ఒక పెళ్లికి చేపలు కొనడానికి వచ్చి, రోజారమణి ఫోనులో పేరుకుపోయిన మెసేజీలను చూసి జాలిపడ్డాడు.

"అక్కా, మీ ఆర్డర్లు ఒక చోట, సరుకు ఒక చోట, డెలివరీ ఒక చోట, బిల్లులు ఒక చోట ఉండాయి. ఒకదాని సంగతి ఇంకోదానికి తెలీదు. అన్నిటినీ కలిపేస్తే, ఊళ్లో చేప పడిన కాడి నుంచి కస్టమరు ఇంట్లో బెల్లు కొట్టేదాకా అంతా ఒకే తాడు. మీరు యాడ పట్టుకున్నా మొత్తం కదలతాది."

"నాకు నిద్ర పడతాదా?"

"హాయిగా పడతాది."

"అయితే కలుపు."

ఆ పని ఆరంభించే ముందు జడ్సన్ కొట్టులో స్టూలు వేసుకొని కూర్చొని ఆమెను ప్రశ్నలు అడిగాడు. ఆయన శ్రద్ధ గలవాడు. ఒక్కటి కూడా విడిచిపెట్టలేదు. ఆమె మాత్రం పొలుసు గీకుతూ, గిరాకీ చూసుకొంటూ, తలెత్తకుండా జవాబులిచ్చింది. కొనేవారికీ, సరుకు ఇచ్చేవారికీ యంత్రం తనంతట తాను పంపే మెసేజీల తెలుగును సరిచూడమని నన్ను కోరినందువల్ల నేనూ అక్కడనే ఉన్నాను.

"అక్కా, సరుకు తెచ్చేవాళ్లలో కొందరు వారం దాకా ఏమీ తేలేదనుకోండి, అప్పుడు వాళ్లను..."

"తీసి పారెయ్. లారీకి తోలేసుకొని నాకు కథలు చెప్పేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండారు."

"మెసేజీ పంపి తీసెయ్యమంటారా, ఊరికే తీసెయ్యమంటారా?"

"మెసేజీ పంపే తీసెయ్. మర్యాదగా చెప్పాల గదా. టీచర్, కాస్త మర్యాదగా రాయండి."

నేను మర్యాదగానే రాశాను.

మొదట్లో అంతా ముచ్చటగా సాగింది. చెన్నైలో ఎవరో ముక్కూ మొగమూ తెలియని వారు తమ ఫోనులో వేలు ఆనిస్తే, ఇక్కడ కొట్టులో బిల్లు కాగితం దానంతట అదే బయటికి వచ్చేది. గణేష్ ఏ దారిన పోతున్నాడో కొనేవారికి తెలిసేది. దారిలో టీ కొట్టు దగ్గర ఎంతసేపు ఆగాడో భార్యకు తెలిసేది. ఆర్డర్లు నిజంగానే పెరిగాయి. ఆ మాట కాదనలేను.

ఆ తరువాత విసుగు మొదలైంది. కొట్టుకు నడిచి వచ్చి కొనుక్కుపోయినవారి సంగతి యంత్రానికి తెలియదు. అందుచేత అమ్ముడుపోయిన చేపలు ఫోనులో ఇంకా ఈదుతూనే ఉండేవి. దానికి విరుగుడుగా కాటాను కూడా కలిపారు. కాటా కలిసిన తరువాత ఐసు బరువు కూడా చేపల లెక్కలోకి వచ్చింది. దానిని సరిచేయబోతే బిల్లు ఆగింది. బిల్లును కదిలిస్తే గణేష్ దారి మాయమైంది. కరెంటు పోతే ఏది ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలిసేది కాదు. జడ్సన్ ప్రతిసారీ వినయంగా, "చిన్న కనెక్షనే అక్కా, ఇదొక్కటీ పెడితే అయిపోతాది" అనేవాడు. ఆ ఒక్కటి వెనుక మరొకటి సిద్ధంగా ఉండేది. చేపలు అమ్మడం కన్నా ఫోనుకు సంజాయిషీ చెప్పుకోవడమే ఆమెకు ఎక్కువ పనైంది. ఊరికి ఫోను చేసి పలకరించే తీరిక పోయింది, అవసరమూ లేదన్నాడు జడ్సన్. రేపు ఏం కావాలో యంత్రమే ఇంటింటికీ మెసేజీ పంపుతున్నది కదా!

ఇక్కడ ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. సముద్రపు పోటు సరస్సులోకి వచ్చే కాలువ మొగ దగ్గర రొయ్య దొరికినట్లు మరెక్కడా దొరకదు. అక్కడ వల వేసే హక్కు ఏ ఒక్క ఇంటిదీ కాదు. వంతుల మీద తిరుగుతుంది. ఊరి పెద్దల ఎదుట చీట్లు తీస్తారు. వంతు వచ్చిన ఇళ్లవారు మొగ దగ్గరికి పోతారు. రానివారు ఒడ్డు వెంబడి కూరకు సరిపడా ఏదో పట్టుకొని, వలలు బాగుచేసుకొంటూ తమ వంతు కోసం కాచుకొంటారు. పొయ్యి మీద కుండ ఖాళీగా ఉన్నా సరే, వంతు లేనివాడు మొగ వైపు పడవ తిప్పడు. తిప్పినవాడితో ఊరు మాట్లాడదు. రోజారమణి ఫోనులో "పోనీలే, ఏం కూర జేసినావు?" అని అడిగినది వంతు లేని ఆ ఇళ్లవారినే.

పెద్ద పండుగకు ముందు, ఆర్డర్లు వెల్లువలా వచ్చిపడుతున్న సమయంలో, గణేష్ ఒకనాటి ఉదయం ఊరి నుండి వ్యాను తెచ్చి కొట్టు ముందు ఆపాడు. రోజారమణి తలుపు తీసి పెట్టెలలోకి తొంగిచూసింది.

"ఏందయ్యా, పెట్టెలు ఖాళీగా ఉండాయి?"

"ఖాళీ యాడ? ఐసు ఉండాది గదా."

"ఎగతాళి మాటలొద్దు. సరుకేది?"

"ఇయ్యలా. ఒక్క ఇల్లు గూడా ఇయ్యలా. నేను పోతే మీ మామ తలకాయ ఎత్తలా. పాకలో అందరూ వల కళ్లు లెక్కబెట్టుకుంటా కూర్చున్నారు. మామ కోడలు చెంచులక్ష్మి మటుకు ఫోను తెచ్చి నా మొగాన బెట్టి చదువుకోమనింది."

ఆయన తన ఫోనులో దాని ఫొటో తీసుకొని వచ్చాడు. నేనూ చదివాను. 'గౌరవనీయులైన గంగులయ్య గారికి నమస్కారములు. గడచిన వారములో తమ నుండి సరుకు అందనందున తమ పేరును మా సరఫరాదారుల వరుస నుండి తొలగించినాము. ఇంతవరకు తాము అందించిన సహకారమునకు కృతజ్ఞతలు.' వాక్యాలలో వంక పెట్టడానికి ఏమీ లేదు. దానిని చెంచులక్ష్మి వలల పాకలో, ఊరి మగవాళ్లందరూ వింటూ ఉండగా, గట్టిగా చదివి వినిపించిందట.

తేనివారిని తీసివేసే ఆ లెక్క యంత్రంలో ఆఖరున ఎక్కింది; ఎక్కిన మొదటి వారం గంగులయ్యకు వంతు లేదు. అంతే జరిగింది.

రోజారమణి చేతిలో ఫోను టింగుమన్నది. మళ్లీ టింగుమన్నది. ఊరి నుండి ఒక్క రొయ్య కూడా రాని ఆ ఉదయం, పాత వారాల సగటును చూసుకొని, యంత్రం హాయిగా ఆర్డర్లు పుచ్చుకొంటూనే ఉన్నది.

మధ్యాహ్నానికి జడ్సన్ నెల్లూరు నుండి పరుగున వచ్చాడు. స్టూలు మీద కూర్చొని ల్యాప్‌టాప్ తెరిచి, మొగం చిన్నది చేసుకొని, "అక్కా, ఇది తప్పు పనిచెయ్యలేదు. మీరు చెప్పినట్టే చేసింది" అన్నాడు.

"మా మామను తీసెయ్యమని నేను చెప్పినానా?"

"వారం దాకా తేనివాళ్లను తీసెయ్యమన్నారు. ఆయన ఎందుకు తేలేదో దానికి ఎట్ట తెలస్తాది? ఈ వంతు సంగతి మీరు నాకు ఒక్కసారైనా చెప్పినారా?"

"చెప్పాలని ఎవురికి తోస్తాది? ఉప్పు ఉప్పగా ఉంటాదని చెప్పినానా నీకు?"

ఆయన నొచ్చుకోలేదు. "సరే, ఇప్పుడు చెప్పండి. వంతుల క్యాలెండరు ఒకటి పెట్టేద్దాం. ఎవరికి ఏ వారమో అందులో ఎక్కిస్తే..."

"ఎక్కించేదెవురు? చీట్లు తీసేది పాకలో. ఇంట్లో చావు జరిగితే ఆ వంతు పక్కింటికి పోతాది. పురుడు వస్తే మారతాది. బిడ్డ పెండ్లి ఉంటే ఊరే ఆ ఇంటికి ఒక వంతు ఎక్కువిస్తాది. ఇవన్నీ నీ క్యాలెండరుకు ఎవురు చెప్తారు? మా మామా?"

"దానికొక చిన్న కనెక్షను..."

"జడ్సనూ, ఇంకొక్కసారి కనెక్షను అన్నావంటే నీ కంప్యూటరు ఐసు పెట్టెలో ఉంటాది."

వెనుక పీట మీద కూర్చొని ఎండురొయ్యలు ఏరుతున్న పేరమ్మ చేట పక్కన పెట్టింది. అప్పుడు అన్నది: "నేను బుట్ట నెత్తిన మోసినా. మెడ వంకర పోయింది. అయినా ఏ ఇంటోడికీ నువ్వొద్దు పో అని చెప్పలా. నువ్వు ఫోను మోసి నా తమ్ముడికే చెప్పినావు."

రోజారమణి చేతిలోని ఫోనును బల్ల మీద పెట్టేసింది. నా వైపు తిరిగి, "టీచర్, ఊరికి మీరూ రాండి. మీరుంటే మామ తిట్టడు" అన్నది. తిడితేనే మంచిదని నాకు తోచింది గానీ పైకి అనలేదు. చెప్పులు వేసుకొని వ్యాను ఎక్కాను.

వలల పాకలో గంగులయ్య నడుమ కూర్చొని ఉన్నాడు. పక్కన చిన్నపోలయ్య ఉన్నాడు. ఆ వారం మొగ దగ్గర వంతు అతనిదే.

"రాండి టీచరమ్మా, కూర్చోండి. అమ్మాయ్, టీచరమ్మకు మంచినీళ్లు ఇయ్యిమే" అని గంగులయ్య కోడలికి చెప్పాడు. మేనకోడలిని కన్నెత్తి చూడలేదు.

"మామా..."

"టీచరమ్మా, ఆ పిల్లకు చెప్పండి. నేను వంతు తప్పి మొగకు పోయుంటే దాని కొట్టుకు రొయ్య వచ్చేది. పోలా. పోనందుకు నన్ను తీసేసినారు. అంటే దొంగతనంగా పోయినోడు మంచోడు, ఊరి మాట విన్నోడు పనికిరానోడు. ఇదేం చదువో అడగండి."

చిన్నపోలయ్య వల లోంచి తలెత్తాడు. "నా రొయ్యలు లారీకి ఇచ్చేసినా అక్కా. కోపంతో కాదు. నా వంతు అయిపోయినాక నన్నూ తీసేస్తారు గదా, ముందు నుంచే లారీకి అలవాటు పడదామని."

పాకలో కొందరు నవ్వారు. అది మంచి నవ్వు కాదు.

రోజారమణి నేల మీద, వల కుప్ప పక్కన కూర్చున్నది. "తప్పు నాదే మామా. ఆయన అడిగినాడు, నేను పూర్తిగా వినలా. లారీకి తోలుకునేవాళ్లను మనసులో పెట్టుకొని తీసెయ్యమన్నా. నీ వంతు సంగతి నేను మరిచిపోతానా? కొట్టు తెరిచిన నాడు..."

"అది చెప్పొద్దు. పేరు ఎక్కిస్తావా లేదా?"

ఆమె అక్కడి నుండే జడ్సన్‌కు ఫోను చేసి, "మా మామ పేరు ఇప్పుడే ఎక్కించు. నేను ఈడనే కూర్చోనుండా" అన్నది. కొట్టులో ఉన్న జడ్సన్ ఎక్కిస్తున్నానన్నాడు. అందరూ ఎదురుచూశారు. చెంచులక్ష్మి చేతిలోని ఫోను టింగుమన్నది.

"చదువుమే" అన్నాడు గంగులయ్య.

ఆమె చదివింది: "స్వాగతము! మా కొత్త సరఫరాదారులైన గంగులయ్య గారికి హృదయపూర్వక స్వాగతము. మొదటి నెల మీకు పరీక్షా కాలము. మీ సరుకు నాణ్యతను గమనించిన తరువాత..."

అంతటితో ఆపింది. ఒకసారి తీసివేసిన పేరును మళ్లీ ఎక్కిస్తే యంత్రానికి అది కొత్త పేరే. గంగులయ్య నా వైపు తిరిగాడు.

"కొత్తోడినంట. పరీక్షలంట. టీచరమ్మా, నన్ను ఏ క్లాసులో వేసినారు?"

అప్పుడు రోజారమణి ఓపిక తెగింది. ఫోను నోటి దగ్గర పెట్టుకొని, జడ్సన్ పేరు పెట్టి పిలిచి, లేచి నిలబడి అరవడం మొదలుపెట్టింది. కలిపిన ప్రతి దారాన్నీ, కదిలిన ప్రతి బిల్లునూ, ఐసు తూకాన్నీ, గణేష్ తాగిన టీలనూ ఏకరువు పెట్టింది. ఆ గొంతుకు ఒడ్డున ఉన్న కొంగలు లేచాయి. అవతల ఇళ్లలో నుండి ఆడవాళ్లు బయటికి వచ్చి చూశారు. ఆ అరుపులో అసభ్యమైన మాట ఒక్కటీ లేదు. అది మాత్రం నేను గమనించాను.

ఆమె ఊపిరి కోసం ఆగినప్పుడు గంగులయ్య, "ఈ గొంతు విని ఎన్నాళ్లయిందే!" అన్నాడు. అంతవరకు లేని మెత్తదనం ఆయన మాటలో వచ్చింది. "పొద్దున్నే అరిచేదానివి. రొయ్య పడకపోయినా, ఏం కూర జేసినావు మామా అని అడిగేదానివి. మీ అత్త పోయినాక నన్ను ఆ మాట అడిగేది నువ్వొక్కదానివే. అది గూడా ఆ డబ్బాకు అప్పజెప్పినావు. అది అడగతాదా, ఏం కూర అని?"

రోజారమణి కొంగుతో మొగం తుడుచుకొన్నది.

"అమావాస్య దాటినాక మా ఇంటికి వంతు. అప్పుడు చూద్దాం" అని ఆయన మళ్లీ వల అందుకొన్నాడు. అంతకుమించి మాట ఇవ్వలేదు.

ఆ పండుగకు ఆమె కొట్టు సగం మూసే ఉన్నది. డబ్బు కట్టిన వారందరికీ వాపసు పంపుతూ, వారు అనే మాటలు పడుతూ కూర్చున్నది. ఊరి వైపు దారాన్ని విడదీయమని జడ్సన్‌కు చెప్పింది. ఆయన బాధపడ్డాడు. "అట్ట చేస్తే ఇది సగం వ్యవస్థే అక్కా. సరుకు ఎంత వచ్చిందో మీరే చేత్తో కొట్టాల. ఒక్కటి మరిచిపోయినా అంతా తప్పతాది" అన్నాడు. ఆయన చెప్పినది నిజమే. ఆ తరువాత తప్పుతూనే ఉన్నది.

అమావాస్య వెళ్లిన మరునాడు చాలా రోజులకు నాకు గొంతు విని మెలకువ వచ్చింది.

"మామా, రొయ్య పడిందా?"

అవతలి జవాబు నాకు వినిపించదు. నేను వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఐసు పగలగొట్టే సుత్తి ఆమె చేతిలో ఆగి ఉన్నది.

"వ్యాను పంపమంటావా? ఇప్పుడే పంపతా. ఉండు, ఉండు, పెట్టెయ్యొద్దు. ఏం కూర జేసినావు?"

గంగులయ్య పెట్టెలు నిండుగా వచ్చాయి. ఆయనతోపాటు మరికొన్ని ఇళ్లూ పంపాయి. చిన్నపోలయ్య మాత్రం ఇప్పటికీ లారీకే వేస్తున్నాడు. అలవాటైపోయింది అక్కా అంటున్నాడట. అది నిజమో, మిగిలిన కోపమో ఆమెకు తెలియదు. రోజూ అతని ఇంటికి కూడా ఫోను చేసి కూర సంగతి అడుగుతున్నది.

ఆ మొదటి ఉదయం రొయ్యలు కాటా మీద పోసి, యంత్రంలో ఎక్కించడానికి ఆమె ఫోను తీసింది. వేలికి తడి, పొలుసు. ఎంత నొక్కినా ఫోను ఒప్పుకోలేదు. చీరకు తుడుచుకొని నొక్కినా ఒప్పుకోలేదు. చివరకు రోడ్డు దాటి వచ్చి ఫోను నా చేతికిచ్చి, "మీరు కొట్టండి టీచర్" అన్నది.

గంగులయ్య గారి పేరు వెదికి, దాని ఎదుట తూకం కొట్టాను. పేరు పక్కన 'పరీక్షా కాలము' అన్న మాట ఇంకా అలాగే ఉన్నది. జడ్సన్ దానిని వచ్చే వారం తీసివేస్తానన్నాడు.